బిడ్డ మొదటి ఏడాది ఖర్చు: ఏ నెలలో ఎంత కావాలో ముందే లెక్క వేసుకోవడం

బిడ్డ పుట్టిన మొదటి ఏడాదికి ఎంత డబ్బు కావాలని నల్లగొండలోనో, పాలమూరులోనో పదిమందిని అడిగితే పది రకాల మొత్తాలు చెబుతారు; వాటిలో ఏదీ అబద్ధం కాదు. సర్కారు దవాఖానాలో సాధారణ కాన్పు అయి తల్లిపాలతో పెరిగిన బిడ్డకైన ఖర్చునూ, ప్రైవేటు నర్సింగ్‌హోంలో ఆపరేషన్ అయి, నాలుగు రోజులు బాక్సులో (ఇంక్యుబేటర్‌లో) ఉండి, డబ్బా పాలతో పెరిగిన బిడ్డకైన ఖర్చునూ పక్కపక్కన పెట్టి సగటు తీస్తే ఆ సగటు ఎవరికీ పనికి రాదు. అంతకన్నా ఉపయోగపడే లెక్క ఇంకొకటుంది. ఏ ఖర్చు ఏ నెలలో మీద పడుతుందో, ఆ నెలలో ఇంట్లోకి డబ్బు వచ్చే వీలుందో లేదో ముందుగా కాగితం మీద పెట్టుకోవడమే ఆ లెక్క. ఇరవై వేల ఖర్చు పత్తి అమ్మిన నెలలో వస్తే ఇంటికి బరువనిపించదు. అదే ఖర్చు విత్తనాలు కొనే జూన్‌లో వస్తే నూటికి మూడు రూపాయల వడ్డీకి చేయి చాచవలసి వస్తుంది.

నెల జీతం మీద బతికే వారికైతే నెలసరి బడ్జెట్ సరిపోతుంది గానీ, మన జిల్లాలలో చాలా ఇళ్లకు డబ్బు నెలనెలా రాదు. వానాకాలం వరి, పత్తి డబ్బు నవంబరు నుంచి జనవరి వరకు, యాసంగి వరి డబ్బు ఏప్రిల్, మే నెలల్లో వస్తాయి. బత్తాయి తోట ఉన్నవారికి కాపును బట్టి, ధరను బట్టి వస్తుంది. కూలీనాలీ చేసుకునే వారికి నాట్ల కాలంలో, పత్తి ఏరే కాలంలో నాలుగు డబ్బులు కనిపిస్తాయి. అందువల్ల మొదట చేయవలసిన పని ఒక నోట్‌బుక్‌లో గర్భం సంగతి తెలిసిన నెల నుంచి బిడ్డకు ఏడాది నిండే నెల వరకు నెలకొక పేజీ చొప్పున కేటాయించడం. ప్రతి పేజీలో ఎడమవైపు ఆ నెలలో రాబోయే డబ్బు, కుడివైపు పోబోయే డబ్బు రాయాలి. డాక్టరు స్కానింగ్ కాగితం మీద రాసిన కాన్పు తేదీని ఆధారంగా పెట్టుకుంటే బిడ్డ ఆరో వారం ఏ నెలలో వస్తుందో, ఎండలు బిడ్డకు ఎన్నో నెలలో తగులుతాయో, ఆరు నెలలు ఎప్పుడు నిండుతాయో వాటంతట అవే తేలిపోతాయి.

ఎడమవైపు రాసేటప్పుడు ఒక నియమం పాటించడం మంచిది. ప్రభుత్వం నుంచి సేవగా వచ్చేదాన్ని లెక్కలోకి తీసుకోవచ్చు గానీ, డబ్బుగా వచ్చేదాన్ని మాత్రం ఖాతాలో పడిన తరువాతే రాసుకోవాలి. 2017లో మొదలైన కేసీఆర్ కిట్ పథకం కింద మగబిడ్డకు 12,000, ఆడబిడ్డకు 13,000 రూపాయలు విడతల వారీగా ఇస్తామని ప్రకటించారు. అలాంటి పథకాల డబ్బు చేతికి అందే నెలను మనం నిర్ణయించలేము. దరఖాస్తు తప్పకుండా చేయాలి, ఆధార్, బ్యాంకు పాస్‌బుక్, తల్లీబిడ్డల కార్డు సిద్ధంగా ఉంచుకోవాలి, కానీ ఆ డబ్బు వస్తుందన్న ధీమాతో ఇరవై ఒకటో రోజు విందుకు టెంటు మాట్లాడుకోకూడదు.

కాన్పు ఖర్చు

జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే అయిదో విడత ప్రకారం 2019–21 కాలంలో తెలంగాణలో ప్రతి వంద కాన్పుల్లో 60.7 ఆపరేషన్లే. ప్రైవేటు ఆసుపత్రులలో అది 81.5 శాతం, ప్రభుత్వ ఆసుపత్రులలో 44.5 శాతం. ఆపరేషన్ మంచిదా కాదా అన్న చర్చ ఇక్కడ అప్రస్తుతం. లెక్క వేసేవారికి మాత్రం ఈ అంకెలు ఒక మాట స్పష్టంగా చెబుతున్నాయి. ప్రైవేటుకు వెళ్లదలచిన వారు సాధారణ కాన్పు ధరను పట్టుకుని డబ్బు కూడబెట్టుకుంటే సరిపోదు, ఆపరేషన్ ధరనే ఆధారంగా రాసుకోవాలి. సాధారణ కాన్పు అయితే మిగిలిన డబ్బు ఎక్కడికీ పోదు.

ప్రైవేటు నర్సింగ్‌హోంలో ఏడో నెలలోనే కూర్చుని ప్యాకేజీ వివరాలు అడగాలి. కౌంటర్‌లో నోటిమాటగా చెప్పే అంకె చాలా సార్లు ఆపరేషన్ థియేటర్, గది వరకే ఉంటుంది. మత్తు డాక్టరు ఫీజు అందులో ఉందా, కాన్పు సమయంలో బిడ్డను చూసే పిల్లల డాక్టరు ఫీజు ఉందా, మందులు, గ్లౌజులు, రక్తపరీక్షలు ఎవరి ఖాతాలో పడతాయి, గది ఎన్ని రోజులకు, ఒక రోజు ఎక్కువ ఉంటే ఎంత, కుట్లు చూపించుకోవడానికి వచ్చినప్పుడు మళ్లీ కన్సల్టేషన్ ఫీజు ఉంటుందా అని ఒక్కొక్కటిగా అడిగి జవాబులను నోట్‌బుక్‌లో రాసుకోవాలి. వీటన్నిటికన్నా ముఖ్యమైన ప్రశ్న, బిడ్డకు ఏదైనా ఇబ్బంది వస్తే పిల్లల ఐసీయూ అక్కడే ఉందా, లేకపోతే ఎక్కడికి పంపుతారు, అక్కడ రోజుకు ఎంత తీసుకుంటారు అన్నది. నెలలు నిండక ముందే పుట్టినా, బరువు తక్కువైనా, కామెర్లు ఎక్కువైనా బిడ్డను బాక్సులో పెట్టవలసి వస్తుంది. ఆ ఖర్చు ప్యాకేజీలో దాదాపు ఎప్పుడూ ఉండదు, అది రోజు లెక్కన వేలల్లో పెరుగుతుంది.

ప్రభుత్వ ఆసుపత్రిని ఎంచుకున్నవారికి జననీ శిశు సురక్షా కార్యక్రమం కింద కాన్పు, ఆపరేషన్, మందులు, పరీక్షలు, రక్తం, భోజనం, ఇంటి నుంచి ఆసుపత్రికి, తిరిగి ఇంటికి ప్రయాణం అన్నీ ఉచితం. జబ్బు చేసిన పసిబిడ్డకు ఏడాది వరకు ప్రభుత్వ దవాఖానాలో వైద్యం ఉచితమే. ఆసుపత్రికి తీసుకుపోవడానికి, తిరిగి ఇంటి దగ్గర దింపడానికి 102 వాహనం ఉంది, అత్యవసరమైతే 108 ఉంది. మహబూబ్‌నగర్‌లో 2016లో, నల్లగొండ, సూర్యాపేటలలో 2019లో ప్రభుత్వ వైద్య కళాశాలలు వచ్చిన తరువాత ఇదివరకు హైదరాబాద్‌కు పంపే కేసులలో చాలావాటికి జిల్లా కేంద్రంలోనే నిపుణులు దొరుకుతున్నారు. అందువల్ల ప్రైవేటులో కాన్పు చేయించుకునే వారు కూడా జిల్లా కేంద్రపు సర్కారు దవాఖానాలో నవజాత శిశువుల ప్రత్యేక విభాగం ఎక్కడ ఉందో ముందే తెలుసుకుని ఉంచుకోవడం వివేకం. ఉచితమైన చోట కూడా తోడు ఉన్నవారి భోజనాలు, ఆటోలు, ఫ్లాస్కు, దుప్పటి, బయట కొనే ఒకటి రెండు మందులు అంటూ ఏడెనిమిది వేలు కళ్ల ముందే కరిగిపోతాయి, ఆ మొత్తాన్ని కాన్పు నెల పేజీలో రాయాలి.

తొలి కాన్పు తల్లిగారింట్లో జరగడం మన ఆచారం గనుక ఖర్చు కూడా తల్లిగారిదే అని అల్లుడి తరఫువారు ఆ పేజీని ఖాళీగా వదిలేస్తుంటారు. ఇది లెక్కకు మంచిది కాదు. తల్లిగారు ఆ డబ్బును ఎద్దులు అమ్మో, సంఘంలో అప్పు తీసుకునో తెస్తే దాని బరువు కొంతకాలానికి ఏదో రూపంలో ఈ ఇంటికీ తాకుతుంది. రెండు ఇళ్లవారూ ఏడో నెలలో ఒకసారి కూర్చుని ఎవరు ఏ ఖర్చు పెట్టుకోవాలో తేల్చుకుంటే తరువాత మాట పట్టింపులు తగ్గుతాయి.

ఆరోగ్య బీమా ఉన్నవారు రెండు సంగతులు చూసుకోవాలి. సొంతంగా కొన్న పాలసీలలో ప్రసూతి ఖర్చుకు వేచి ఉండే కాలం తరచుగా రెండేళ్లో, అంతకన్నా ఎక్కువో ఉంటుంది, కాబట్టి గర్భం వచ్చిన తరువాత తీసుకున్న పాలసీ ఈ కాన్పుకు పనికి రాదు. అలాగే చాలా పాలసీలలో బిడ్డ పేరు తొంభై రోజుల తరువాతే చేరుతుంది. కంపెనీ ఇచ్చే గ్రూపు పాలసీలలో మాత్రం మొదటి రోజు నుంచే వర్తించేవి ఉంటాయి, అయితే నిర్ణీత గడువులోగా బిడ్డ పుట్టిన సంగతి రాతపూర్వకంగా తెలియజేయాలి.

తల్లి ఆపిన సంపాదన

ఖర్చుల జాబితా రాసేవారిలో చాలామంది మరచిపోయే పెద్ద అంశం ఇది. కుట్టుమిషన్ మీద నెలకు అయిదు వేలు సంపాదించే స్త్రీ కాన్పు తరువాత ఆరు నెలలు మిషన్ ముందు కూర్చోలేకపోతే ఇంటికి ముప్పై వేలు తగ్గినట్టే. పత్తి ఏరే కాలంలో కాన్పు అయిన కూలీ మనిషికి ఏడాది మొత్తంలో ఎక్కువ సంపాదించే రోజులే పోతాయి. ఈ డబ్బు ఎవరి చేతి నుంచీ పోదు గనుక ఖర్చుగా కనిపించదు. ఎడమవైపు పేజీలో ఆ నెలల ఆదాయాన్ని కొట్టివేసి చూసినప్పుడే తెలుస్తుంది.

పదిమందికి తక్కువ కాకుండా పనిచేసే సంస్థలో, కాన్పు తేదీకి ముందు ఏడాదిలో కనీసం 80 రోజులు పనిచేసిన స్త్రీకి మొదటి ఇద్దరు పిల్లల వరకు 26 వారాల జీతంతో కూడిన సెలవు 2017 నుంచి చట్టబద్ధమైన హక్కు. నెలకు 21,000 రూపాయల లోపు జీతం ఉండి ఈఎస్ఐ (ఉద్యోగుల ప్రభుత్వ బీమా) కోత పడుతున్నవారికి ఆ డబ్బు ఈఎస్ఐ నుంచే వస్తుంది. ప్రైవేటు బడి పంతులమ్మలు, దుకాణాలలో, మిల్లులలో పనిచేసేవారు ఇది తమకు వర్తించదనుకుని రాజీనామా రాసి ఇచ్చేస్తుంటారు; రాజీనామా ఇచ్చే ముందు జీతం చీటీలో ఈఎస్ఐ నంబరు ఉందో లేదో చూడాలి. భవన నిర్మాణ కార్మికుల సంక్షేమ మండలిలో పేరు నమోదై ఉన్న కుటుంబాలకు ప్రసూతి సాయం ఉంది, దాన్ని కార్మిక శాఖ కార్యాలయంలో అడగాలి. కార్డు రెన్యువల్ కాకపోతే సాయం రాదు, కాబట్టి అది కాన్పుకు ముందే చూసుకోవలసిన పని.

పాలు, గుడ్డలు, డైపర్లు

మొదటి ఆరు నెలలు తల్లిపాలే చాలునని, చుక్క నీళ్లు కూడా అక్కరలేదని డాక్టర్లందరూ చెప్పేదే. ఆరోగ్యం సంగతి అలా ఉంచి డబ్బు లెక్క చూద్దాం. అయిదు కిలోల బిడ్డ రోజుకు కిలోకు 150 మిల్లీలీటర్ల చొప్పున 750 మిల్లీలీటర్ల పాలు తాగుతుంది. డబ్బా పాలకు వంద మిల్లీలీటర్లకు దాదాపు 13 గ్రాముల పొడి పడుతుంది, అంటే రోజుకు వంద గ్రాములకు కొంచెం తక్కువ. నాలుగు వందల గ్రాముల డబ్బా నాలుగు రోజులకు అయిపోతుంది, నెలకు ఏడెనిమిది డబ్బాలు కావాలి. డబ్బా 450 రూపాయలనుకుంటే నెలకు మూడు వేల నూట యాభై నుంచి మూడు వేల ఆరు వందలు. ఖర్చుకు భయపడి పొడి తగ్గించి నీళ్లు ఎక్కువ కలిపే ఇళ్లు ఉన్నాయి. బిడ్డ బరువు పెరగకుండా పోవడానికి అంతకన్నా సులువైన దారి లేదు. పాలు సరిపోవడం లేదని అనుమానం వచ్చినప్పుడు మెడికల్ షాపుకు పోయే ముందు ఆశా కార్యకర్తనో, ఉపకేంద్రపు నర్సు ఏఎన్ఎంనో పిలిచి బిడ్డను తూకం వేయించాలి. ఆసుపత్రిలో కాన్పు అయిన బిడ్డను చూడటానికి ఆశా కార్యకర్త మూడు, ఏడు, పద్నాలుగు, ఇరవై ఒకటి, ఇరవై ఎనిమిది, నలభై రెండో రోజులలో ఇంటికి రావాలన్నది నియమం, దానికి మనం ఏమీ ఇవ్వనక్కరలేదు. కాబట్టి డబ్బాలకు పోయే డబ్బులో కొంత భాగం బాలింత తిండికి పెట్టడం మేలు: గుడ్లు, పాలు, పప్పు, ఆకుకూరలు, వేళకు వేడి అన్నం. పథ్యం పేరుతో బాలింతను ఎల్లిపాయ కారం, చారన్నంతో సరిపెట్టడం పొదుపు కాదు. అంగన్‌వాడీలో ఆరోగ్యలక్ష్మి కింద గర్భిణులకు, బాలింతలకు రోజూ ఒక పూట భోజనం, గుడ్డు, పాలు ఇస్తారు. పేరు రాయించుకోవడానికి మొహమాట పడవలసిన పని లేదు.

డైపర్ల విషయంలో మధ్యేమార్గమే మంచిదనిపిస్తుంది. పగలంతా మెత్తని పాత నూలు చీరలు చింపి చేసిన గుడ్డలు, రాత్రికి ఒక డైపరు, ప్రయాణాలకు, దవాఖానాకు ఒకటి అనుకుంటే నెలకు యాభై అరవై సరిపోతాయి. ఒక్కోటి పది రూపాయలనుకుంటే ఆరు వందల రూపాయలు. రోజంతా డైపర్లే వాడితే నెలకు నూట ఎనభై, పద్దెనిమిది వందల రూపాయలు. అయితే వానాకాలంలో గుడ్డలు ఆరవు, ఉతికే మనిషి ఇంట్లో లేకపోతే ఆ పనంతా పచ్చి బాలింత మీద పడుతుంది. అలాంటి ఇంట్లో ఆ రెండు నెలలకు ఇంకో అయిదారు వందలు ఎక్కువ రాసుకోవడం దుబారా అనిపించుకోదు. ఇక బట్టలు, బొమ్మలు, సబ్బుల గురించి ఎక్కువ చెప్పనక్కరలేదు. పుట్టినప్పటి సైజు బట్టలు నెలన్నరకే బిగువవుతాయి, చుట్టాలు తెచ్చేవే ఎక్కువవుతాయి. వాకర్ కొనకూడదని పిల్లల డాక్టర్లే చెబుతారు; ఆ వెయ్యి రూపాయలు మిగిలినట్టే.

టీకాలు

పుట్టినప్పుడు బీసీజీ, పోలియో చుక్కలు, హెపటైటిస్ బి. ఆరు, పది, పద్నాలుగు వారాలకు పెంటావాలెంట్ (అయిదు జబ్బులకు కలిపి వేసే టీకా), పోలియో, రోటావైరస్ చుక్కలు. ఆరు, పద్నాలుగు వారాలకు, తొమ్మిదో నెలకు న్యుమోనియా టీకా. తొమ్మిదో నెలకు మీజిల్స్–రూబెల్లా టీకా, విటమిన్ ఏ మోతాదు. ఇవన్నీ ఉపకేంద్రంలో, ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో, బస్తీ దవాఖానాలో పైసా ఖర్చు లేకుండా వేస్తారు. ఊళ్లలో సాధారణంగా బుధ, శనివారాలు టీకాల రోజులు. ఇవే టీకాలను ప్రైవేటులో వేయించుకుంటే ఒక్కొక్క విడతకు వేలల్లో బిల్లు అవుతుంది, జ్వరం అంతగా రాని సూది కావాలంటే ధర ఇంకా పెరుగుతుంది. సర్కారు సూదికి రెండు రోజులు జ్వరం రావడం, తొడ మీద గడ్డ కట్టడం మామూలే. ఆ రెండు రోజులు ఏడుపు భరించగలిగితే ఏడాదిలో మిగిలే డబ్బు చిన్నదేమీ కాదు. ఉచిత పట్టికలో లేని ఫ్లూ, టైఫాయిడ్ వంటి టీకాలను మాత్రం డాక్టరుతో మాట్లాడి, డబ్బు ఉన్నదాన్ని బట్టి వేయించుకోవచ్చు. సగం సర్కారులో, సగం ప్రైవేటులో వేయించే వారు తల్లీబిడ్డల కార్డును రెండు చోట్లకూ తీసుకుపోవాలి, లేకపోతే వేసిన టీకానే మళ్లీ డబ్బు పెట్టి వేయిస్తారు.

ఆసుపత్రికి తిరిగే దారి ఖర్చు ఇప్పుడు కొంత తగ్గింది. 2023 డిసెంబరు 9 నుంచి పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సులలో మహిళలకు టికెట్ లేదు గనుక తల్లి, తోడు వచ్చే అత్తో అమ్మో ఆధార్ కార్డుతో వెళ్లి రావచ్చు. లెక్కలో మిగిలేది బస్‌స్టాండ్ నుంచి దవాఖానా దాకా ఆటో కిరాయి.

ఎండాకాలం, నీళ్లు

ఏప్రిల్, మే నెలలలో నల్లగొండ ఎండ సంగతి వేరే చెప్పనక్కరలేదు. రేకుల ఇంట్లో నాలుగైదు నెలల బిడ్డతో ఆ రెండు నెలలు గడపడం కష్టం, కాబట్టి చాలా ఇళ్లలో ఆ ఏడాదే కూలర్ వస్తుంది. ఫిబ్రవరిలో కొంటే ధర కొంచెం తక్కువ, ఎండలు ముదిరాక కొంటే ఎక్కువ. దానికి తోడు కరెంటు లెక్క ఒకటుంది. గృహజ్యోతి కింద నెలకు 200 యూనిట్ల వరకు బిల్లు లేని ఇళ్లవారు, 200 దాటిన నెలలో మొత్తం బిల్లు కట్టవలసి ఉంటుంది. 180 వాట్ల కూలర్ రోజుకు పన్నెండు గంటలు తిరిగితే నెలకు 65 యూనిట్లు అదనం. కాబట్టి ఎండాకాలం రాకముందే జీరో బిల్లు కాగితం తీసి ఎన్ని యూనిట్లు పడుతున్నాయో చూడాలి. 120 యూనిట్ల ఇంటికి భయం లేదు; 150 యూనిట్ల ఇల్లు మాత్రం పాత బల్బులు, పగలంతా తిరిగే రెండో ఫ్యాను గురించి ఆలోచించుకోవాలి, లేదా ఆ రెండు నెలల పేజీలలో కరెంటు బిల్లు రాసుకోవాలి.

మర్రిగూడ, నాంపల్లి, మునుగోడు, చండూరు వైపు ఉన్నవారికి నీటి గురించి ఒక మాట. ఆ ప్రాంతపు బోరు నీటిలో ఫ్లోరైడ్ ఎక్కువన్నది తరతరాల అనుభవం. నీళ్లు కాచితే క్రిములు చస్తాయి గానీ ఫ్లోరైడ్ పోదు, నీరు ఆవిరైన కొద్దీ మిగిలిన నీటిలో దాని పాలు పెరుగుతుంది కూడా. డబ్బా పాలు కలపడానికైనా, ఆరు నెలల తరువాత ఉగ్గు వండటానికైనా మిషన్ భగీరథ నల్లా నీటినే పట్టి కాచి వాడాలి. నల్లా రాని రోజులకోసం నీళ్ల క్యాన్ డబ్బు నెల ఖర్చులో కలుపుకోవాలి. అది వంద, రెండు వందలకు మించదు, ఇందులో మాత్రం పొదుపు చూడకూడదు.

ఆరు నెలలు నిండాక

తిండి ఖర్చు జనం భయపడినంత ఉండదు. బియ్యం, పెసరపప్పు దోరగా వేయించి విసిరిన పొడి, రాగి జావ, మెత్తగా చిదిమిన అరటిపండు, గుడ్డు పచ్చసొన, నెయ్యి చుక్క వేసిన పప్పన్నం. నెలకు అయిదు వందలు రాసుకుంటే చాలు. ఏడో నెల నుంచి అంగన్‌వాడీలో నెలకు రెండున్నర కిలోల బాలామృతం (పిల్లల తిండి పొడి) ప్యాకెట్, గుడ్లు ఇస్తారు. బాలామృతాన్ని ఇంట్లో పెద్దపిల్లలు తినేయడం, ప్యాకెట్ అటక మీద పడి పురుగు పట్టడం రెండూ చూస్తుంటాము. అదే ఇంట్లో మూడు వందల రూపాయల డబ్బా తిండి కూడా కనిపిస్తుంది.

ఈ కాలంలో పెరిగేది దవాఖానా ఖర్చు. బిడ్డ నేల మీద పాకడం మొదలుపెట్టేసరికి వానలు కూడా వస్తే విరేచనాలు, జలుబు, జ్వరం వెంట వెంట వస్తాయి. ఓఆర్ఎస్, జింక్ మాత్రలు ఆశా దగ్గర ఉచితంగా దొరుకుతాయి, కానీ ఒకసారి అడ్మిట్ చేయవలసి వస్తే ప్రైవేటులో మూడు రోజులకు పది వేలు అయిపోవచ్చు. ఆ పది వేలను ఏ నెల పేజీలోనూ ఖర్చుగా రాయకుండా వేరే పేజీలో నిలవగా ఉంచాలి, దాన్ని పండుగకు గానీ, ఫంక్షన్‌కు గానీ తాకకూడదు.

ఫంక్షన్లు

నిజానికి లెక్క తప్పేది ఎక్కువగా ఇక్కడే. ఇరవై ఒకటో రోజు పేరు పెట్టి తొట్టెలలో వేయడం, తల్లిగారింటి నుంచి బిడ్డను తీసుకు రావడం, పుట్టువెంట్రుకలు, మొదటి పుట్టినరోజు. వీటికి తోడు మేనమామ పెట్టే వెండి కడియాలు, మొలతాడు, నాయనమ్మ పెట్టే బంగారం. వీటిని మానమని ఎవరూ చెప్పలేరు, చెప్పినా ఇంట్లో చెల్లదు. కానీ ఎంతమందిని పిలవాలన్నది, ఏ రెండింటిని కలపవచ్చన్నది మన చేతిలోనే ఉంది. పుట్టువెంట్రుకలు చెరువుగట్టులో తీసినా, యాదగిరిగుట్టలో తీసినా, కురుమూర్తిలో తీసినా దేవుడి మొక్కుకు అయ్యే ఖర్చు కొద్దిదే; యాటపోతు, వండే మనిషి, రెండు బండ్ల చుట్టాలు కలిస్తేనే వేలు దాటుతుంది. పదకొండో నెలలో వెంట్రుకలు తీసి, పుట్టినరోజును ఇంట్లో కేకు, పాయసంతో సరిపెట్టుకుంటే ఒక విందు తప్పుతుంది.

ఫంక్షన్‌లో వచ్చే కట్నాలతో ఖర్చు వెళ్లిపోతుందని లెక్క వేసేవారు ఉన్నారు. ఎవరు ఎంత చదివించారో రాసుకునే ఆ పుస్తకం అప్పుల పుస్తకమే. ఈ రోజు అయిదు వందలు పెట్టినవారి ఇంట్లో పెళ్లి వచ్చినప్పుడు వెయ్యి పెట్టవలసిందే, కాబట్టి దాన్ని ఎడమవైపు ఆదాయంగా రాయకూడదు.

ఒక ఇంటి లెక్క

ఊహించుకోవడానికి ఒక ఇల్లు తీసుకుందాం. దేవరకొండలో ఎరువుల దుకాణంలో 18,000 జీతానికి పనిచేసే భర్త, ఇంట్లో కుట్టుపనితో 5,000 సంపాదించే భార్య. అద్దె, సరుకులు అన్నీ కలిపి ఇంటి ఖర్చు 17,000. కాన్పు డిసెంబరులో. జూన్ నుంచి నవంబరు వరకు నెలకు మిగిలే ఆరు వేలలో పదిహేను వందలు మందులు, స్కానింగులకు పోగా ఆరు నెలలలో 27,000 చేతిలో ఉంటాయి. కాన్పు సర్కారు దవాఖానాలో, ఖర్చు 8,000. డిసెంబరు నుంచి మే వరకు భార్య సంపాదన లేదు గనుక నెలకు వెయ్యి మాత్రమే మిగులు. జూన్ నుంచి ఆగస్టు వరకు ఆమె సగం పని చేస్తే 3,500. సెప్టెంబరు నుంచి మళ్లీ 6,000. బిడ్డ నెల ఖర్చు మొదటి ఆరు నెలలు డైపర్లకు 600, సబ్బు, నూనె వంటి వాటికి 400, డాక్టరుకు, మందులకు సగటున 700, విటమిన్ డి చుక్కలకు 150, మొత్తం 1,850. తరువాతి ఆరు నెలలు తిండి కలిపి దాదాపు 2,400.

జనవరిలో ఇరవై ఒకటో రోజు పదిహేను వేలతో చేస్తే మార్చి చివరకు చేతిలో మిగిలేది ఆరు వందలు. ఏప్రిల్‌లో ఏడు వేల కూలర్ కొనగానే ఆ ఇల్లు అప్పులోకి జారుతుంది, నెల తిరిగేసరికి ఏడు వేలకు పైగా లోటు. అదే ఫంక్షన్‌ను దగ్గరివారితో అయిదు వేలలో ముగిస్తే ఏప్రిల్ చివర 2,750 మిగులుతుంది, మేలో 1,900కు దిగి, జూన్ నుంచి నెమ్మదిగా పెరుగుతూ ఆగస్టుకు 5,200, నవంబరుకు 16,000 అవుతుంది. అందులో పది వేలు జబ్బు నిలవగా ఉంచి, ఆరు వేలలో పుట్టువెంట్రుకలు తీయించవచ్చు. జూలై, ఆగస్టులలోనే బిడ్డను అడ్మిట్ చేయవలసి వస్తే అయిదారు వేలు తక్కువ పడతాయి. ఆ మొత్తానికి మహిళా సంఘంలో అంతర్గత అప్పు దొరుకుతుందో లేదో మేలోనే అడిగి ఉంచుకోవాలి. ఇదే ఇల్లు ప్రైవేటులో అరవై వేల ఆపరేషన్‌కు వెళితే 27,000 నిలవ ఆ ఒక్క రోజుకే చాలదు; అలాంటప్పుడు గర్భం తెలిసిన నెలలోనే, నవంబరుకు చేతికి వచ్చేలా చిట్టీ పాట చూసుకోవడమో, ఉన్న బంగారాన్ని బ్యాంకులో పెట్టడమో ముందే ఆలోచించాలి. నూటికి మూడు రూపాయల వడ్డీకి యాభై వేలు తెస్తే నెలకు పదిహేను వందలు, ఏడాదికి పద్దెనిమిది వేలు వడ్డీకే పోతాయి. ఆ వడ్డీ ఈ ఇంట్లో బిడ్డ మొదటి తొమ్మిది నెలల ఖర్చుకు దాదాపు సమానం.

ఈ అంకెల మీద మీ ఇంటి అంకెలు వేసుకున్నప్పుడు మొత్తం మారుతుంది గానీ, ఇరుకు నెలలు మాత్రం చాలా ఇళ్లలో మూడో నెల నుంచి ఆరో నెల మధ్యనే పడతాయి: కూడబెట్టింది అయిపోతుంది, తల్లి సంపాదన ఇంకా మొదలు కాదు. డిసెంబరు బిడ్డకు అవి ఎండాకాలంలో, జూన్ బిడ్డకు దసరా, దీపావళి ఖర్చుల మధ్య వస్తాయి. కాబట్టి పేజీలు నింపిన తరువాత ముందుగా ఆ నాలుగు నెలలను చూసి, అక్కడ లోటు కనిపిస్తే జనవరి విందునో, చిట్టీ కిస్తీనో, బంగారపు మొక్కునో వెనక్కి జరపాలి.

ఖర్చు లేని పనులకు కూడా గడువు ఉంటుంది, వాటినీ అదే నోట్‌బుక్‌లో రాసుకోవాలి. జననాన్ని 21 రోజుల లోపు నమోదు చేస్తే రుసుము లేదు. ఊళ్లో అయితే పంచాయతీ కార్యదర్శి, పట్టణంలో అయితే మున్సిపాలిటీ, ఆసుపత్రిలో పుట్టిన బిడ్డ వివరాలు ఆసుపత్రే పంపుతుంది గానీ వెళ్లాయో లేదో డిశ్చార్జి రోజునే అడగాలి. తల్లిదండ్రుల పేర్లు ఆధార్‌లో ఉన్నట్టే పడ్డాయో లేదో అక్షరం అక్షరం చూసుకోవాలి, ఎందుకంటే 2023 అక్టోబరు 1 నుంచి పుట్టిన పిల్లలకు బడిలో చేర్చడానికైనా, ఇతర కాగితాలకైనా పుట్టిన తేదీకి ఆ ధ్రువపత్రమే ఆధారం. బిడ్డ పేరు తేలక ముందు నమోదైన ధ్రువపత్రంలో పేరు గడి ఖాళీగా ఉంటుంది. ఏడాది లోపు ఆ పేరు ఉచితంగా చేర్పించుకోవచ్చు, ఆ తరువాత ఆలస్య రుసుము కట్టాలి. పదకొండో నెల పేజీలో పుట్టువెంట్రుకల ఖర్చు కింద ఈ పనిని కూడా రాసి పెట్టుకోవాలి.